అయిదు సెంటీమీటర్ల చూపుతో అరవై సెంటీమీటర్ల లెక్క: వేరు లోతు తేమ ప్రాజెక్టు డైరీ

1వ వారం: అడిగేది ఒకటి, దొరికేది ఇంకొకటి

కావలసింది ఒక్క అంకె. పొలం పైనుంచి 60 సెం.మీ. లోతు దాకా ఉన్న మట్టిలో ఇవాళ ఎన్ని మిల్లీమీటర్ల నీరు ఉంది? ఉపగ్రహం ఇచ్చేది వేరే అంకె: పై 5 సెం.మీ. మట్టిలో తేమ, అదీ కిలోమీటర్ల కొద్దీ నేలకు సగటుగా. ఈ రెంటి మధ్య ఉన్న ఎడాన్ని దాటడమే ఈ ప్రాజెక్టు పని.

లెక్కంతా ఘనపరిమాణ తేమలోనే నడుపుతున్నాం. ఒక ఘనపు మీటరు మట్టిలో పావు ఘనపు మీటరు నీరుంటే 0.25. దాన్ని లోతుతో గుణిస్తే మిల్లీమీటర్లు వస్తాయి: 0.25 × 600 = 150 మి.మీ. అందులో మొక్క తాగగలిగేది కొంతే. ఫీల్డ్ కెపాసిటీ (అదనపు నీరు కిందికి జారిపోయాక నేల పట్టి ఉంచే తేమ) 0.30, మొక్క వాడిపోయే స్థాయి 0.15 ఉన్న నేల అనుకుంటే, వేళ్లకు అందే గరిష్ఠం 0.15 × 600 = 90 మి.మీ.

పని మొదలుపెట్టే ముందే తప్పు ఎంత ఉండొచ్చో కాగితం మీద వేసుకోవాలి. నాసా వారి స్మాప్ ఉపగ్రహం ఉపరితల తేమకు పెట్టుకున్న లక్ష్యం 0.04 లోపు తప్పు, అదీ స్థిరమైన ఎచ్చుతగ్గు (ఎప్పుడూ ఒకే వైపు ఉండే తేడా) తీసేశాక. అంతే తప్పు 60 సెం.మీ. అంతటా ఉందనుకుంటే 24 మి.మీ. మొక్కకు అందే 90లో పావు వంతు పైమాటే. ఒక తడి ఇవ్వాలా వద్దా అనే నిర్ణయాన్ని తారుమారు చేయగల తప్పు అది. అందుకే చివరి అంకెతో పాటు దాని చుట్టూ ఉన్న సందేహాన్ని కూడా మిల్లీమీటర్లలోనే రాయాలని మొదటి రోజే నిర్ణయించాం.

ఉపగ్రహానికి లోతు ఎందుకు కనబడదు? నీటి డైఎలెక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) సుమారు 80, ఎండు మట్టిది 3 నుంచి 5. ఈ తేడా వల్లే మైక్రోవేవ్‌కు తేమ తెలుస్తుంది. కానీ ఆ నీరే తరంగాన్ని మింగేస్తుంది కూడా. 1.41 గిగాహెర్ట్జ్ ఎల్-బ్యాండ్‌లో తరంగ దైర్ఘ్యం 21 సెం.మీ. అయినా, నేలనుంచి పైకొచ్చే సంకేతంలో ఎక్కువ భాగం పై అయిదు సెంటీమీటర్లదే. నేల తడిసిన కొద్దీ ఆ పొర ఇంకా పలచబడుతుంది. కిందికి చూసే కన్ను లేదు కాబట్టి కాలాన్నే సాధనంగా వాడుకోవాలి. పైపొర త్వరగా తడిసి త్వరగా ఆరుతుంది. కింది పొర అదే కథను నెమ్మదిగా, మెత్తగా చెబుతుంది. పైపొర గత కొన్ని వారాలుగా ఎలా నడిచిందో వరసగా తెలిస్తే కింద ఏముండాలో అంచనా వేయొచ్చు.

2వ వారం: ఫైళ్లు, వాటిలో దాగిన మూడు పొరపాట్లు

స్మాప్ 2015 జనవరి 31న కక్ష్యకు వెళ్లింది. దానిలోని రాడార్ (తానే తరంగాన్ని పంపి తిరిగొచ్చినదాన్ని కొలిచేది) అదే ఏడాది జులైలో ఆగిపోయింది. రేడియోమీటర్ (నేల తనంతట వెలువరించే మైక్రోవేవ్‌ను కొలిచేది) మాత్రం పనిచేస్తూ వచ్చింది. రెండు మూడు రోజులకోసారి ప్రతి చోటునూ చూస్తుంది, స్థానిక సమయం ఉదయం 6కు, సాయంత్రం 6కు. మేం తీసుకున్నది ఎల్3 (రోజువారీ గడులుగా పేర్చిన మూడో స్థాయి) మెరుగుపరచిన ఉత్పత్తి, 9 కి.మీ. గడులది. ఒక్కో రోజు ఒక్కో హెచ్‌డీఎఫ్5 ఫైలు, అందులో 1624 అడ్డు వరసలు, 3856 నిలువు వరసలు.

మొదటి పొరపాటు ఇక్కడే: 9 కి.మీ. గడి అంటే 9 కి.మీ. చూపు కాదు. అసలు రేడియోమీటర్ పాదముద్ర 36 కి.మీ. పైచిలుకు. పక్కపక్క కొలతలు ఒకదానిమీద ఒకటి పడటాన్ని వాడుకుని 9 కి.మీ. గడులకు లెక్క సరిచేశారు, అంతే. పక్క గడిలో చెరువు ఉంటే దాని ప్రభావం మన గడిలోకి వస్తుంది. అసలు నీటి సంకేతం పొలం లోపలిదా, పక్కదా అని ముందే మ్యాపులో చూసుకోవాలి.

రెండోది గడి ఎంపిక. స్మాప్ గడుల అమరిక పేరు ఈజ్-గ్రిడ్ 2.0. అది అక్షాంశ రేఖాంశాల గ్రిడ్ కాదు, సమ వైశాల్య ప్రొజెక్షన్, ఈపీఎస్‌జీ (మ్యాపు ప్రొజెక్షన్ల పట్టిక) సంఖ్య 6933. అక్షాంశాన్ని నేరుగా అడ్డు వరస సంఖ్యగా మార్చేస్తే తప్పు గడి వస్తుంది, ఎక్కడా ఎర్రర్ రాదు, గ్రాఫ్ కూడా చూడటానికి బాగానే ఉంటుంది. మన బిందువును 6933లోకి మార్చి, ఎడమ పై మూల నుంచి దూరాన్ని గడి వెడల్పుతో భాగించాలి. ఆ తర్వాత ఫైలులోనే ఉన్న అక్షాంశ రేఖాంశాల పట్టీతో సరిచూసుకోవాలి.

మూడోది నాణ్యత జెండా. చాలా కోడ్‌లలో జెండా విలువ 0 అయితేనే ఉంచుతారు. అది బిట్ల కట్ట. సున్నా సంఖ్య బిట్ 0గా ఉంటే నేల తేమ విలువ సిఫారసు చేయదగ్గదే. మూడో సంఖ్య బిట్ నేల గడ్డకట్టిందా లేదా అనే లెక్కకు చెందినది. ఆ లెక్క జరగని చోట మొత్తం విలువ 8 అవుతుంది. గడ్డకట్టడం అన్న మాటే లేని వేడి ప్రాంతాల్లో 8ని పారేస్తే మంచి డేటానే పారేసినట్టు. అందుకే సున్నా సంఖ్య బిట్ ఒక్కదాన్నే పరీక్షిస్తున్నాం. కొలత లేని చోట −9999 ఉంటుంది. సగటు తీసే ముందే దాన్ని ఖాళీగా మార్చాలి.

ఉదయం కొలతలనే వాడుతున్నాం. ఆ వేళకు మట్టి, ఆకు, గాలి ఉష్ణోగ్రతలు దాదాపు ఒకటవుతాయి, ప్రకాశ ఉష్ణోగ్రత (రేడియోమీటర్‌కు అందిన మైక్రోవేవ్ తీవ్రతను ఉష్ణోగ్రతగా చెప్పే అంకె) నుంచి తేమ తీసే సూత్రం ఆ ఊహ మీదే నిలబడింది. సాయంత్రం కొలతలు కలిపితే బిందువులు రెట్టింపవుతాయి గానీ, రెండు వరసల మధ్య స్థిరమైన ఎచ్చుతగ్గు వచ్చి గ్రాఫ్ రంపపు పళ్లలా కనిపిస్తుంది. కలపాలంటే ముందు ఒక వరసను రెండోదానికి సర్దాలి.

చెట్టూ పైరూ దట్టంగా ఉన్న చోట ఇంకో హద్దు ఉంది. మొక్కల్లో నీటి బరువు చదరపు మీటరుకు 5 కిలోలు దాటితే నేల సంకేతం ఆకుల్లోనే చిక్కుకుపోతుంది. ఆ విలువ కూడా అదే ఫైలులో ఉంటుంది. దాన్ని తేమ పక్కనే గీసి చూస్తేనే పైరు ఎదిగే రోజుల్లో కొలతను ఎంత నమ్మాలో తెలుస్తుంది.

3, 4 వారాలు: గుంట తవ్వడం, సెన్సర్లు పాతడం

నేలలో సరైన కొలత లేకుండా ఆకాశంలోని కొలతకు విలువ లేదు. ఈ రెండు వారాల పని మొత్తం ప్రాజెక్టులో నిదానంగా, ఓపికగా చేయాల్సినది. ఇక్కడ జరిగిన తప్పును తర్వాత ఏ కోడ్ సరిచేయలేదు.

మూడు గుంటలు, ఒక్కోటి 80 సెం.మీ. లోతు. ప్రతి గుంటలో 5, 20, 40, 60 సెం.మీ. దగ్గర ఒక్కో కెపాసిటివ్ సెన్సర్ (మట్టి డైఎలెక్ట్రిక్ మార్పును విద్యుత్ సంకేతంగా ఇచ్చే పలక). తవ్విన మట్టిని పొర పొరగా విడివిడి పట్టాల మీద వేశాం, తిరిగి అదే వరసలో పూడ్చడానికి. గుంట ఒక గోడను నిటారుగా, పలుగు తగలకుండా ఉంచి, ఆ గోడలోకే సెన్సర్లను అడ్డంగా దిగ్గొట్టాలి. పలక అంచు పైకి ఉండేలా నిలువుగా పెట్టాలి. చదునుగా పెడితే దిగే నీరు పలక మీద నిలిచి ఎక్కువ తేమ చూపిస్తుంది. నాలుగింటినీ ఒకే నిలువు గీతలో పెట్టకూడదు. పైది కిందిదానికి గొడుగు పట్టినట్టవుతుంది. ఒక్కోదాన్ని అరచేతి వెడల్పు పక్కకు జరపాలి.

తీగ సెన్సర్ నుంచి నేరుగా పైకి రాకూడదు. ముందు కొంత కిందికి దించి, వంపు తిప్పి, అప్పుడు పైకి తేవాలి. లేకపోతే వాన నీరు తీగ వెంటే జారి సెన్సర్ దగ్గరికి చేరుతుంది. పూడ్చేటప్పుడు ప్రతి 10 సెం.మీ.కు మట్టిని అదిమి, తవ్వకముందు ఉన్నంత గట్టిదనం తేవాలి. వదులుగా ఉంటే గుంట మొత్తం నీటికి దొడ్డిదారి అవుతుంది.

పలక చుట్టూ గాలి సందు ఉంటే గ్రాఫే చెబుతుంది. ఎండు రోజుల్లో పక్క గుంటలో అదే లోతున ఉన్నదానికంటే బాగా తక్కువ, పెద్ద వాన పడగానే దానికంటే ఎక్కువ, మళ్లీ ఒక్కసారిగా పడిపోవడం. ఈ మూడూ కలిసి కనిపిస్తే దాన్ని తీసి మళ్లీ పాతడమే మందు. ఒక 40 సెం.మీ. సెన్సర్ విషయంలో సరిగ్గా అదే చేయాల్సి వచ్చింది. అన్నీ సరిగ్గా ఉన్నా, నేల బాగా నానేంత వాన ఒకటి పడి మట్టి సర్దుకునే దాకా వచ్చిన విలువలను లెక్కలోకి తీసుకోలేదు.

చవకరకం కెపాసిటివ్ పలకల గురించి కొన్ని హెచ్చరికలు. వాటిమీద ఉన్న 555 టైమర్ చిప్ రెండు రకాల్లో దొరుకుతుంది. సీమాస్ రకం 3.3 వోల్టుల మీద నడుస్తుంది. పాత బైపోలార్ రకానికి కనీసం 4.5 వోల్టులు కావాలి, 3.3 ఇస్తే అది ఏదో ఒక అంకె ఇస్తుంది, ఆ అంకెకు తేమతో సంబంధం ఉండదు. కొన్ని పలకల్లో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఒక కొస గ్రౌండుకు అతికి ఉండదు. అలాంటివాటిలో తేమ మారాక అంకె స్థిరపడటానికి చాలాసేపు పడుతుంది. పాతేముందే నీటి గ్లాసులో ముంచి తీసి చూస్తే ఇవి బయటపడతాయి. పలక కోసిన అంచుల నుంచి, పైన చిప్పులున్న భాగం నుంచి తేమ లోపలికి దిగుతుంది. రెండింటికీ ఎపాక్సీ పూయాలి, పూత ఆరాకే కాలిబ్రేషన్ (సెన్సర్ అంకెను అసలు తేమతో జత కలపడం) చేయాలి. ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ వాడితే దాని రెండో ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) పిన్‌లు వైఫై నడుస్తుండగా పనిచేయవు, మొదటి ఏడీసీ కూడా కొసల దగ్గర వంకర. ఏడీఎస్1115 లాంటి విడి 16 బిట్ల చిప్‌ను పైన పెట్టెలో పెట్టడం మేలు. అందులో నాలుగు చానెళ్లు ఉంటాయి, ఒక గుంటకు ఒకటి సరిపోతుంది.

కాలిబ్రేషన్ ఆ పొలం మట్టితోనే జరగాలి. మట్టిని ఆరబెట్టి జల్లించి, 10 లీటర్ల చోటులో ఎంత బరువు పట్టాలో ముందు లెక్కేసుకోవాలి. సాంద్రత 1.4 అయితే 14 కిలోల ఎండు మట్టి. ప్రతిసారీ అర లీటరు నీరు కలిపితే తేమ 0.05 చొప్పున పెరుగుతుంది. కలిపాక మూతపెట్టి ఒక రాత్రి ఉంచాలి, అదే 10 లీటర్ల గీత దాకా అదిమి, అప్పుడు కొలవాలి. ఆరు మెట్లు చాలు. నల్లరేగడి లాంటి ఉబ్బే నేలల్లో తేమతో పాటు సాంద్రతే మారుతుంది, ఎండితే పగుళ్లు పలకను గాలికి వదిలేస్తాయి. అక్కడ బకెట్ కాలిబ్రేషన్ ఒక్కటే చాలదు, పొలంలోనే వేర్వేరు తేమల దగ్గర నమూనాలు తీయాలి. డైఎలెక్ట్రిక్ స్థిరాంకం నేరుగా ఇచ్చే ఖరీదైన సెన్సర్లకు టాప్ అనే శాస్త్రవేత్త, సహచరులు 1980లో ఇచ్చిన సమీకరణం ఉంది: స్థిరాంకం 10 అయితే తేమ 0.19 దరిదాపు, 20 అయితే 0.35 దరిదాపు. మామూలు ఖనిజ నేలలకు అది బాగుంటుంది, బరువైన బంకమట్టికి నప్పదు.

చివరి తీర్పు మాత్రం పొయ్యిదే. 100 ఘనపు సెం.మీ. ఉక్కు వలయంతో నమూనా తీసి, తూచి, 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూచాలి. ఉదాహరణకు తడి మట్టి 168 గ్రాములు, ఎండాక 142 గ్రాములు అయితే నీరు 26 గ్రాములు. ఘనపరిమాణ తేమ 0.26, సాంద్రత 1.42. అదే నీటిని ఎండు మట్టి బరువుతో భాగిస్తే 0.18 వస్తుంది. ఈ రెంటినీ కలగలపడం ఈ రంగంలో అందరికంటే ఎక్కువగా కనిపించే తప్పు. నోటుపుస్తకంలో ప్రతి అంకె పక్కనా ఏ రకమో రాయాలి.

నాలుగు లోతుల నుంచి 60 సెం.మీ. మొత్తం తీయడానికి ఒక్కో సెన్సర్ ఎంత మందం పొరకు ప్రతినిధో చూశాం: 125, 175, 200, 100 మి.మీ. కూడితే 600. కొలత అరగంటకోసారి రాస్తున్నాం గానీ పోలికకు తెల్లవారుజామున 6 చుట్టూ ఉన్న విలువలే తీసుకుంటున్నాం. పగటి వేడికి ఈ సెన్సర్లు తేమ మారకపోయినా ఊగుతాయి, ముఖ్యంగా 5 సెం.మీ. దగ్గర.

5వ వారం: ఫిల్టర్

ఉపరితల వరసను వేరు లోతు వరసగా మార్చడానికి ఎక్స్‌పొనెన్షియల్ ఫిల్టర్ (పాత కొలతల బరువును రోజులతో తగ్గిస్తూ సగటు తీసే పద్ధతి) ఎంచుకున్నాం. వాగ్నర్, సహచరులు 1999లో ఇచ్చిన ఆలోచన ఇది. ఆల్బర్‌గెల్, సహచరులు 2008లో ప్రచురించిన రూపంలో ఒక్కో కొలతనూ వచ్చినప్పుడల్లా కలుపుకుంటూ పోవచ్చు. రెండే రెండు వాక్యాలు:

కొత్త అంచనా = పాత అంచనా + కొత్త కె × (నేటి ఉపరితల తేమ − పాత అంచనా)

కొత్త కె = పాత కె ÷ (పాత కె + ఇ^(−ఎడం ÷ టి))

కె అంటే కొత్త కొలతకు ఇచ్చే వాటా, ఎడం అంటే రెండు కొలతల మధ్య రోజులు, ఇ అంటే 2.718, టి అంటే నేల జ్ఞాపకం ఎన్ని రోజులన్నది. మొదటి రోజు కె విలువ 1, అంచనా ఆనాటి ఉపరితల తేమే. టి పది రోజులు, ఎడం మూడు రోజులు అయితే కె ఇలా దిగుతుంది: 1, 0.57, 0.44, 0.37, చివరికి 0.26 దగ్గర నిలుస్తుంది. పదో కొలత కల్లా 0.27కు వస్తుంది. అంటే మొదలుపెట్టాక టికి మూడు రెట్ల కాలం గడిచేదాకా వచ్చిన అంచనాలను వాడకూడదు. టి 20 అయితే మొదటి రెండు నెలలు పక్కన పెట్టాలి.

ఈ సూత్రంలో తెలియకుండా దెబ్బకొట్టే చోటు ఒకటుంది. స్మాప్ 2019 జూన్-జులైలో ఒకసారి, 2022 ఆగస్టు-సెప్టెంబరులో ఒకసారి వారాల తరబడి కొలతలు ఇవ్వలేదు. 45 రోజుల ఎడం వస్తే, టి 10 దగ్గర, కె 0.26 నుంచి 0.96కు ఎగబాకుతుంది. ఫిల్టర్ పాతదంతా మరిచి, ఆ ఒక్క రోజు పైపొర ఎలా ఉంటే 60 సెం.మీ. అంతా అలాగే ఉందని చెప్పేస్తుంది. ముందు రాత్రి చిన్న జల్లు పడి ఉంటే వేరు లోతు నిండిపోయినట్టు కనిపిస్తుంది. సూత్రం తప్పు చేయలేదు, దానికి తెలిసింది అంతే. ఎడం టిని దాటిన ప్రతిసారీ తర్వాతి రెండు టిల కాలానికి ఫలితం పక్కన నమ్మరాదన్న గుర్తు పెట్టేలా కోడ్ రాశాం.

6వ వారం: నాలుగు మిల్లీమీటర్ల వాన పరీక్ష

ఫిల్టర్ నడిచింది, గ్రాఫ్ మెత్తగా అందంగా వచ్చింది. అందం చూసి ఆగకుండా నీటి ఖాతా వేశాం.

4 మి.మీ. జల్లు పడిందనుకోండి. అది మొత్తం పై 50 మి.మీ. మట్టిలో నిలిస్తే తేమ 4 ÷ 50 = 0.08 పెరుగుతుంది. కె 0.26 కాబట్టి వేరు లోతు అంచనా 0.021 పెరుగుతుంది. దాన్ని 600తో గుణిస్తే 12 మి.మీ. పైన పడింది 4, కింద చేరింది 12! నిజానికి అలాంటి జల్లు నీరు కిందికి దిగదు, ఒకటి రెండు రోజుల్లో ఆవిరైపోతుంది.

టి 20 చేస్తే అదే జల్లుకు దాదాపు 7 మి.మీ. వస్తుంది, ఇంకా ఎక్కువే. 40 చేస్తే 3.5 మి.మీ.కు దిగుతుంది. లోతు పెరిగితే టి ఎందుకు పెరగాలో ఇంతకంటే సూటిగా చూపే లెక్క మాకు కనబడలేదు. 60 సెం.మీ. నేలకు టి పది రోజులు పెట్టడమంటే లేని నీటిని పుట్టించడమే.

రెండు మార్పులు చేశాం. మొదటిది, ఫిల్టర్‌కు ఇచ్చే ముందే ఉపరితల వరసను 0 నుంచి 1 కొలబద్దకు మార్చడం: ఆ గడి చరిత్రలో 5వ పర్సెంటైల్ (నూటికి అయిదు కొలతలే దానికంటే తక్కువ) సున్నా, 95వది ఒకటి. ఫిల్టర్ బయటికొచ్చాక దాన్ని వాడిపోయే స్థాయి నుంచి ఫీల్డ్ కెపాసిటీ దాకా ఉన్న పరిధిలోకి సాగదీయడం. పైపొర ఎండకు వాడిపోయే స్థాయి కంటే కిందికి ఆరుతుంది. వేళ్ల దగ్గర అలా జరగడం అరుదు. ఈ మార్పు లేకపోతే ఎండాకాలంలో వేరు లోతు అంచనా అసాధ్యమైన పొడికి పడిపోతుంది. రెండోది, పై హద్దు: రెండు కొలతల మధ్య వేరు లోతు నీరు పెరిగితే, ఆ పెరుగుదల ఆ మధ్య పడిన వాన, ఇచ్చిన తడి కలిపినదాన్ని మించకూడదు. వానకు గుంటల పక్కనే వానమాపకం పెట్టాం. అది లేనిచోట ఐమెర్గ్ ఉపగ్రహ వర్షపాతం 0.1 డిగ్రీల గడిలో అరగంటకోసారి దొరుకుతుంది. అది యూటీసీ (గ్రీనిచ్ సమయం) రోజులో ఉంటుందని మరిచిపోతే వాన ముందురోజుకో మర్నాటికో జారుతుంది, హద్దు తప్పుడు రోజున పడుతుంది.

హద్దు ఎన్నిసార్లు అడ్డుపడిందో కూడా రాసుకుంటున్నాం. మాటిమాటికీ అడ్డుపడితే టి చిన్నదిగా ఉందన్నమాట. పెద్ద వానకు కూడా ఫిల్టర్ కదలకపోతే టి పెద్దదైంది.

7, 8 వారాలు: టి ఎంత?

గుంటల కొలతలతో 1 నుంచి 60 రోజుల దాకా ఒక్కో టిని ప్రయత్నించి, ప్రతి లోతుకూ విడిగా సరిపోలిక చూశాం. ఒకే ఒక్క మంచి టి రావాలని ఆశించకూడదు. వక్రరేఖ శిఖరం బల్లపరుపుగా ఉంటుంది. అటూ ఇటూ చాలా రోజుల దాకా సరిపోలిక దాదాపు మారదు. ఆ బల్లపరుపు భాగంలో నీటి ఖాతా హద్దును తక్కువసార్లు తాకే టినే ఎంచుకున్నాం. కేవలం సహసంబంధం చూసి ఎంచుకుంటే చిన్న టి వైపు మొగ్గుతుంది, ఎందుకంటే వాన రోజుల పెద్ద కదలికలే అంకెను నడిపిస్తాయి, మధ్యలో నిదానంగా ఆరిపోయే వారాలకు ఓటు ఉండదు. పొలానికి కావలసింది ఆ ఆరిపోయే వారాల లెక్కే. అందుకని వాన పడ్డాక మూడేసి రోజులు వదిలేసి, ఆరుతున్న రోజుల మీద మాత్రమే రెండో పోలిక చేశాం. తీర్పు దానికే ఇచ్చాం.

రోజులను యాదృచ్ఛికంగా రెండు భాగాలు చేసి ఒకదానిమీద టి వెతికి, ఇంకోదానిమీద పరీక్షించడం మోసపూరితం. ఇవాళ్టి తేమ నిన్నటి తేమకు కవల. పక్కపక్క రోజులు రెండు భాగాల్లోనూ ఉంటే పరీక్ష ఎప్పుడూ గెలుస్తుంది. ఒక కాలమంతా వెతకడానికి, వేరే కాలమంతా పరీక్షకు ఉంచాలి.

పోలికలో ఎచ్చుతగ్గు, ఊగిసలాట వేరు చేసి చూడాలి. మొత్తం తప్పు వర్గం నుంచి సగటు ఎచ్చుతగ్గు వర్గం తీసేసి వర్గమూలం తీస్తే మిగిలేది ఊగిసలాట. మూడు గుంటల సగటుకూ ఒక పెద్ద గడికీ మొత్తం విలువ కలవదు, కలవాల్సిన పనీ లేదు. కలవాల్సింది ఎక్కే తీరు, దిగే తీరు.

9, 10 వారాలు: పొలం స్థాయికి దిగడం

36 కి.మీ. చూపుకు ఒక పొలానికి పెట్టిన తడి కనబడదు. అందుకే యూరప్ వారి సెంటినెల్-1 ఉపగ్రహ రాడార్ తీసుకున్నాం: సి-బ్యాండ్, 5.405 గిగాహెర్ట్జ్, ఒక ఉపగ్రహం 12 రోజులకోసారి అదే దారిలో వస్తుంది, గడి 10 మీటర్లు. స్నాప్ సాఫ్ట్‌వేర్‌లో వరస ఇది: కచ్చితమైన కక్ష్య ఫైలు, థర్మల్ నాయిస్ తొలగింపు, కాలిబ్రేషన్, ఎత్తుపల్లాల దిద్దుబాటు. మచ్చల గోల తగ్గించడానికి పొలం సరిహద్దు లోపలి గడులన్నీ సగటు చేశాం. సగటు డెసిబెల్‌లో (అది లాగరిథమిక్ కొలబద్ద) తీయకూడదు. −8, −14 డెసిబెల్‌ల సగటు డెసిబెల్‌లో −11. అసలు శక్తిలో తీసి మార్చితే −10. ఒక డెసిబెల్ తేడా ఇక్కడ చిన్నది కాదు.

ఒకే దారి చిత్రాలను మాత్రమే పోల్చాలి. వేర్వేరు దారుల్లో రాడార్ నేలను చూసే కోణం మారుతుంది, కోణం మారితే తేమ మారకపోయినా సంకేతం మారుతుంది. నిలువు-నిలువు ధ్రువణంలో (తరంగాన్ని నిలువుగా పంపి నిలువుగానే అందుకునేది) ప్రతి పొలానికీ అత్యంత పొడి, అత్యంత తడి సంకేతాలు తీసి, ఇవాళ్టిది ఆ రెంటి మధ్య ఎక్కడుందో చూడటమే పద్ధతి.

ఇక్కడ మూడు ఉచ్చులు. దుక్కి దున్నగానే నేల గరుకవుతుంది, రాడార్ దాన్ని తడి అనుకుంటుంది. నీరు నిలిచిన మడి అద్దంలా తరంగాన్ని అటుపక్కకు తోసేస్తుంది, రాడార్ దాన్ని పొడి అనుకుంటుంది. అదే మడిని ఎల్-బ్యాండ్ రేడియోమీటర్ చాలా తడిగా చూస్తుంది. ఒకే రోజు ఒక ఉపగ్రహం తడి అని, ఇంకొకటి పొడి అని చెబితే ముందు చూడాల్సింది నీరు నిలిచిందా అని. మూడోది పైరు: ఆకులు కమ్ముకున్నాక సి-బ్యాండ్‌కు నేల కంటే మొక్కే ఎక్కువ కనిపిస్తుంది. సెంటినెల్-2 పచ్చదనం సూచీ ఎదుగుతున్న వారాల్లో రాడార్ మార్పును తేమకు కట్టబెట్టడం ఆపేశాం.

12 రోజుల ఎడంతో ఈ వరసను ఒంటరిగా ఫిల్టర్‌కు ఇవ్వలేం. టి 10 అయితే కె 0.70. ప్రతి కొత్త చిత్రం పాత జ్ఞాపకంలో మూడింట రెండు వంతులు చెరిపేస్తుంది. టి 30 అయితే 0.33, భరించవచ్చు. అందుకే కాలపు నడక స్మాప్ నుంచి, పొలానికి పొలానికి మధ్య తేడా సెంటినెల్-1 నుంచి తీసుకుంటున్నాం. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా, ఇస్రోల ఉపగ్రహం నైసార్‌లో ఎల్-బ్యాండ్ రాడార్ ఉంది. పైరు మీదుగా చూడటంలో అది సి-బ్యాండ్ కంటే మేలు. రాక మాత్రం దానిదీ 12 రోజుల చక్రమే, కాబట్టి రెండు వరసలు కలిపే ఈ అమరికను అలాగే ఉంచుతున్నాం.

11వ వారం: సిద్ధంగా దొరికేవాటితో పోలిక

స్మాప్ ఎల్4 (నాలుగో స్థాయి) ఉత్పత్తిలో వేరు లోతు తేమ నేరుగా దొరుకుతుంది: 0 నుంచి 100 సెం.మీ., 9 కి.మీ. గడి, మూడు గంటలకోసారి, ఖాళీలు లేకుండా. అందులో ఉపగ్రహ కొలత, నేల నీటిని లెక్కగట్టే కంప్యూటర్ నమూనాను (మోడల్‌ను) అప్పుడప్పుడూ సరిదిద్దుతుంది. మిగతాదంతా నమూనా లెక్క. యూరప్ వారి వాతావరణ లెక్కల డేటా ఈఆర్‌ఏ5-ల్యాండ్ 0–7, 7–28, 28–100, 100–289 సెం.మీ. పొరలుగా ఇస్తుంది. మన 60కి సరిపోల్చాలంటే మూడో పొరలో 28–60 భాగమే తీసుకుని మందాల బరువుతో కలపాలి, 100 సెం.మీ. అంకెను 60 అంకెతో నేరుగా పోల్చకూడదు.

వానాధార నేలకు ఎల్4ను మొదట చూడమని ఎవరికైనా చెబుతాం. నీటిపారుదల ఉన్న నేలకు కాదు. ఎల్4 వెనుక నమూనాలో నీటిపారుదల లేదు. కాలువ నీళ్లు వదిలిన వారం అక్కడ ఆరిపోతున్న గీతే కనిపిస్తుంది. గుంటల కొలత ఎక్కుతూ, ఎల్4 దిగుతూ ఉంటే అది సెన్సర్ లోపం అనుకుని తవ్వేయకండి.

మా ఫిల్టర్‌కూ గుడ్డి మచ్చలున్నాయి. డ్రిప్ కింద వరస మొదళ్లు మాత్రమే తడుస్తాయి, సగటు ఉపరితలం పొడిగానే ఉంటుంది. భూగర్భ జలం పైకి ఉన్న చోట నీరు కింది నుంచి వేళ్లకు ఎక్కుతుంది, పైపొరకు ఆ సంగతే తెలియదు. పైన బాగా ఎండి పైపొరకూ కింది పొరకూ లంకె తెగిపోయాక కూడా ఇంతే: పైది 0.05 దగ్గర ఆగిపోతుంది, కింద వేళ్లు రోజూ నీరు తాగుతూనే ఉంటాయి, ఉపగ్రహ వరసలో కదలిక ఉండదు. అలాంటి రోజుల్లో ఫిల్టర్‌ను ఆపి, చివరి నమ్మకమైన అంచనా నుంచి రోజువారీ పైరు నీటి వాడకాన్ని తీసివేస్తూ పోయే మామూలు నీటి ఖాతాకు మారుతున్నాం. ఉపరితల తేమ తన 5వ పర్సెంటైల్ కింద వరసగా మూడు కొలతలు ఉంటే ఆ మార్పు జరుగుతుంది. మంచి వాన పడగానే ఫిల్టర్ మళ్లీ అందుకుంటుంది.

12వ వారం: రోజూ బయటికొచ్చే పట్టీ

ఒక్కో పొలానికి రోజుకు ఒక వరస: 60 సెం.మీ.లో అందుబాటు నీరు మి.మీ.లో, దాని సందేహపు కనిష్ఠ, గరిష్ఠ అంచులు, చివరి ఉపగ్రహ కొలత ఎన్ని రోజుల పాతది, అంచనా ఫిల్టర్‌దా నీటి ఖాతాదా, వాన-తడి హద్దు అడ్డుపడిందా. నీరు నిలిచిన రోజులు, డ్రిప్ పొలాలు, కొలత ఎడం టిని దాటిన రోజులు ఖాళీగా వదిలేస్తున్నాం, అక్కడ అంకె వేయడం లేదు.

వచ్చే కాలానికి రాసిపెట్టిన పనులు రెండు. మూడు గుంటల్లో ఒకదాన్ని 100 సెం.మీ. దాకా దించి 80 దగ్గర ఇంకో సెన్సర్ పెట్టడం, 60 కింద నీరు జారిపోతోందా లేదా తేల్చడానికి. పైరు పూతకు ముందు, పూత తర్వాత వేరు లోతును విడివిడిగా తవ్వి కొలవడం. ఇప్పటిదాకా 60 అన్నది స్థిరమని పట్టుకున్న ఊహ, విత్తిన మూడో వారంలో వేళ్లు అంత లోతు ఉండవు.